గీత పడిన తొలి పొర

మా ఆడపడుచు చేసే పని ఏమిటో ఇరుగుపొరుగు వారికి చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ సరైన వాక్యం దొరికేది కాదు. “ఆసుపత్రి ల్యాబులో” అంటే రక్తం తీస్తుందనుకునేవారు. “మైనం కోస్తుంది” అంటే కొవ్వొత్తుల వ్యాపారమా అని అడిగేవారు. రెండూ కాదు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మందులలో నానబెట్టి, కరిగించిన మైనంలో పాతి, గట్టిపడిన ఆ దిమ్మను యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ పొరలు పొరలుగా కోయడం ఆమె పని. ఊపిరి తగిలితే ముడుచుకుపోయేటంత పలుచని పొర అది. అందుకని కోసేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. ఆ పొరను గోరువెచ్చని నీళ్ల తొట్టిలో తేలవేసి, గాజు పలక మీదికి ఎత్తి, ఆరబెట్టి, రంగులు పట్టిస్తే, అప్పుడు డాక్టరు మైక్రోస్కోపులో చూసి, అది మామూలు వాపో, ప్రాణం తీసే గడ్డో తేలుస్తారు. చూసేవారు డాక్టరు, చూడదగినట్లుగా చేసేది ఈమె.

ల్యాబులో ఆమెను అద్దాలక్క అనేవారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకునేది కాదు. గాజు పలకలను వెలుగుకు ఎత్తి పట్టుకుని అంతసేపు చూసేది గనుక ఆ పేరు వచ్చింది.

ఆ అలవాటు నేర్పినవాడు ఆమె గురువు. ల్యాబులో అందరికంటే పాత ఉద్యోగి కావడం వల్ల ఆయనను పెద్దాయన అనే పిలిచేవారు. ఆయన ఎవరినైనా మెచ్చుకోగా గానీ, తిట్టగా గానీ విన్నవారు లేరు. శిష్యురాలు పొర ఎత్తిన పలకను తెచ్చి చేతికిస్తే, కిటికీ దగ్గరికి వెళ్లి వెలుగులో చూసేవాడు. ముడత ఉన్నా, గీత ఉన్నా, గాలిబుడగ ఉన్నా, బల్ల కింది ఇనుప బకెట్టులోకి జారవిడిచేవాడు. గాజు పగిలిన చప్పుడే ఆయన తిట్టు. చప్పుడు వినిపించకపోతే అదే మెప్పు. ఆయన పెట్టిన నియమం మరొకటి ఉంది. వేరే ల్యాబులలో రోగి నంబరును ముందుగా గాజు మీద చెక్కి, ఆ తరువాతనే పొరను ఎత్తుతారు. పెద్దాయన దానిని తిరగవేశాడు. కిటికీ దగ్గర నెగ్గిన పలకకే నంబరు. నెగ్గని దానికి నంబరు ఎందుకన్నాడు. బల్ల మీద ఒకరి ముక్క ఉండగా మరొకరిది పెట్టరు గనుక ఎన్నడూ తారుమారు జరగలేదు. ఆయన ఉద్యోగ విరమణ చేసి వెళ్లిపోయాక కూడా ఆమె ఆ నియమాన్ని విడిచిపెట్టలేదు. కిటికీ దగ్గర ఆయన నిలబడిన చోట ఇప్పుడు తానే నిలబడింది. బకెట్టు మాత్రం ఆయన కాలంలో కంటే త్వరగా నిండేది.

ఆమె పలకలకు పేరు వచ్చింది. ఒకసారి వేరే ఊరి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ఒకాయన మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తి, “ఎవరు కోశారివి? ఒకసారి పిలవండి” అన్నారట. ఆమె సీసాలు కడిగే గదిలోకి వెళ్లి, ఆయన వెళ్లేదాకా బయటికి రాలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి ఆ సంగతి తానే చెప్పింది.

“ఎందుకే దాక్కున్నావు? పోలీసా ఆయన?” అన్నాను.

“దగ్గరికి వెళితే తెలిసిపోతుందేమోనని, వదినా.”

“ఏం తెలిసిపోతుందే?”

“నాకు పని రాదని.”

పేపరు వెనక నుంచి మా వారు అందుకున్నారు. “మరి ఇన్నేళ్ల నుంచి నిన్ను ఎందుకు ఉంచుకున్నారే, అందం చూసా?”

“వాళ్లకింకా తెలియలేదన్నయ్యా” అంది.

మేమిద్దరం పడిపడి నవ్వాం. ఆమె నవ్వలేదు. కూర తరుగుతూ, సమంగా తెగని ముక్కలను ఏరి పక్కన పెడుతూ కూర్చుంది.

పెళ్లి విషయంలోనూ అంతే. ఎదుటివాడిలో వంక పెట్టి సంబంధం తిప్పికొట్టేవారిని చూశాం గానీ, “ఆయనకేం, బాగానే ఉన్నాడు. నన్ను నాలుగు రోజులు చూస్తే ఆయనకే తెలుస్తుంది, పాపం ఆయన్ని ఎందుకు మోసం చెయ్యడం?” అని తిప్పికొట్టిన పిల్లను మరెక్కడా చూడలేదు. అలా మా ఇంటి మేడ మీది గదిలోనే ఉండిపోయింది. ల్యాబుకు పెద్దగా ఉండమని అడిగినప్పుడు కూడా అదే మాట చెప్పి తప్పించుకుంది. ఆ కుర్చీ ఆమెకంటే ఎంతో వెనక చేరిన కుర్రవాడికి దక్కింది. అతడిని అందరూ మెరుపు అంటారు. అతడి చెయ్యి వేగం. అతడి పొరలలో ముడతలుండేవి. అయినా హాయిగా నిద్రపోయేవాడు.

“అక్కా, నువ్వు కోసింది చూసి ఉల్లిపొర ఉరేసుకుందంట. ఇంక పంపెయ్ తల్లీ, పైన డాక్టరమ్మ కాచుక్కూచున్నారు” అనేవాడు.

“చిన్న ముడత ఉందిరా.”

“ముడతలు నా మొహం మీదా ఉన్నాయి. మా ఆవిడ బకెట్టులో పడేసిందా?”

“పడేస్తే బాగుపడేది” అనేది. అంత హాస్యం ఆమెకూ ఉండేది. కానీ పలక మాత్రం బకెట్టులోకే వెళ్లేది. ముక్కలు పెద్దవి గనుక మరొక పొరకు, ఇంకొక పొరకు లోటు ఉండేది కాదు. అలా ఆ పట్టుదల వల్ల ఏళ్ల తరబడి ఎవరికీ కీడు జరగలేదు, మేలే జరిగింది. అందువల్ల దానిని ఎవరూ తప్పు పట్టలేదు.

ఒక రోజు, ఆ పలకలను మైక్రోస్కోపులో చూసే డాక్టరమ్మ చిన్న సీసాను తానే పట్టుకుని కిందికి వచ్చారు. అలా రావడం ఆమెకు అలవాటు లేదు. సీసాలో తెల్లటి దారపు పోగు వంటిది, గోరు పొడవు కూడా లేనిది తేలుతోంది. సిటీ బస్సు నడిపే ఒకాయన కాలేయంలోంచి పొడవాటి సూదితో తీసిన ముక్క అది.

“దీన్ని జాగ్రత్తగా చూడమ్మా. ఆయనకి రక్తం సరిగా గడ్డకట్టడం లేదు. ఇది తీయడానికే భయపడుతూ తీశారు. మళ్లీ పొడవడం కష్టం. నువ్వే కొయ్యి. ఇంకెవరి చేతా ముట్టించకు” అన్నారు.

వేరొకరికైతే ఆ మాట బలమిచ్చి ఉండేది. ఆమె మాత్రం, ఇదే ఆ రోజు, అనుకుందట మనసులో. నాకు పని రాదని అందరికీ తెలిసే రోజు.

మర్నాడు దిమ్మ సిద్ధమైంది. ఉదయం మరొక రోగి కాలేయపు ముక్కను, అదీ సూదితో తీసినదానినే, కోసి, నెగ్గని పలకలను బకెట్టులో వేసి, నెగ్గినదానిని పంపి, బల్ల తుడుచుకుని, బస్సు డ్రైవరు దిమ్మను బిగించింది. తొలి పొర నీళ్ల మీద చక్కగా విచ్చుకుంది. పలక మీదికి ఎత్తి కిటికీ దగ్గరికి వెళ్లింది. పై నుంచి కింది దాకా వెంట్రుకంత గీత. కత్తి అంచున ఎక్కడో కంటికి కనిపించని నొక్కు ఉన్నదన్నమాట. బకెట్టులో వేసింది.

కత్తి మార్చింది. కొత్త కత్తి బిగిస్తే దిమ్మ ముఖాన్ని దానికి మళ్లీ సమం చేయాలి. ఆ సమం చేయడంలో కొన్ని పొరలు పొడిగా రాలిపోతాయి. అది ఆమెకు తెలుసు. తెలిసే చేసింది. ఈసారి వచ్చిన పొర నీళ్ల తొట్టిలో ఒక మూల మడత పడింది. బకెట్టు. తరువాతిది ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా వచ్చింది. మైనం మెత్తబడిందని దిమ్మను విప్పి మంచు మీద పెట్టింది. తిరిగి బిగించినప్పుడు వాలు ఒక్క పిసరు మారింది. మళ్లీ సమం చేసింది. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. ప్రతిదీ నేర్చుకున్న పాఠం ప్రకారమే ఉంది. మెరుపు ఒకసారి తొంగిచూసి, “ఏదో ఒకటి పైకి పంపెయ్యక్కా, అది సముద్రం కాదు, చెంచాడు నీళ్లు” అన్నాడు. ఆమె తల తిప్పలేదు.

చివరికి ఒక పొర వచ్చింది. ముడత లేదు, గీత లేదు, బుడగ లేదు. నీళ్ల మీద అద్దంలాగా పరుచుకుంది. అంత చక్కని పొర తన జన్మలో కోయలేదని ఆమె అంది. పలక మీదికి ఎత్తి వెలుగుకు పట్టింది. కిటికీ, కిటికీ అవతలి గోడ, గోడ మీది నీళ్ల గొట్టం, అన్నీ దానిలోంచి స్పష్టంగా కనిపించాయి. అందులో ఉన్నది మైనమే. మాంసం అయిపోయింది.

మెరుపు వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని, రెండు చేతులూ బకెట్టులో పెట్టి దేవుతోంది.

“అక్కా! రక్తం!” అని చేతులు పట్టుకుని పైకి లాగాడట.

“ఇందులోనే ఉందిరా. ఆయనది ఇందులోనే ఉంది.”

ఉన్నమాట నిజమే. కాలేయపు పోగులు అతికిన పెంకులు కొన్ని దొరికాయి కూడా. కానీ వాటిలో ఉదయపు రోగివి ఏవో, బస్సు డ్రైవరువి ఏవో చెప్పగలవారు లేరు. వాటి మీద నంబరు లేదు. డాక్టరమ్మ ఒక పెంకుకు రంగు పట్టించి చూశారు. “ఇందులో జబ్బు ఉంది. కానీ ఎవరిదని రాయను?” అన్నారు. ఆ తరువాత అడిగారు: “మొదట వచ్చిన దాని మీద ఏముంది?”

“గీత, మేడమ్. సన్నది.”

“ముక్క మొత్తం చెడిపోయిందా?”

“లేదు, మేడమ్. మధ్యలోంచి వెళ్లింది.”

“గీతకు ఇటు చూసేదాన్ని, అటు చూసేదాన్ని. నాకు అది చాలు కదమ్మా” అన్నారు డాక్టరమ్మ. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే మా ఆడపడుచు ఆ రాత్రి ఒక ముద్ద తిని ఉండేదేమో.

రెండవసారి పొడవక తప్పలేదు. “పొడవండి సార్, ఈ ఊరి ట్రాఫిక్కులో బస్సు నడిపినవాణ్ణి, సూదికి భయపడతానా?” అన్నాడట ఆ డ్రైవరు. లోపల రక్తస్రావమైంది. ఈసారి ముక్కను మెరుపు కోశాడు. ఒక పక్క ముడత ఉన్న పొరనే పైకి పంపాడు. గంటలో జబ్బు పేరు తెలిసింది. మందుకు లొంగే రకమే. కానీ ఆ మందు తట్టుకోవడానికి ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి; ఉన్న సత్తువ రక్తంతో పోయింది. కోలుకున్నాక మొదలుపెడదామని ఎదురుచూశారు. ఆయన కోలుకోలేదు.

మొదటి పొరనే పంపి ఉంటే బ్రతికేవాడా? ఏమో. జబ్బు ముదిరే ఉన్నదని డాక్టరమ్మ చెప్పారు. అది ఓదార్పుకు చెప్పిన మాటో, నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.

కుటుంబానికి మాత్రం, మొదటిసారి తీసిన ముక్క పరీక్షకు సరిపోలేదని చెప్పారు. అది విన్నాక మా ఆడపడుచు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లడం మొదలుపెట్టింది. ముక్క సరిపోయింది, నేను పారేశాను అని చెప్పడానికి.

ఆసుపత్రి పెద్ద ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించారు. “మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ ల్యాబుకి పేరు. ఊరికే మనసు పాడుచేసుకోకండి. నాలుగు రోజులు సెలవు పెట్టండి” అన్నారు.

“సార్, పారేసింది నేను.”

“మీరు ఎప్పుడూ అలాగే అంటారట కదా!” అని నవ్వారు.

డాక్టరమ్మకు జరిగినదంతా తెలుసు. ఆమె కూడా రెండు రోజులు గడిచేసరికి మెత్తబడి, “అంత చిన్న ముక్క ఎవరి చేతిలోనైనా అయిపోయేదేలే. ప్రతిదీ నీ నెత్తిన వేసుకోకు” అన్నారు. మెరుపు చేతులు జోడించాడు. “అక్కా, నీకు పని రాదని నువ్వంటే నవ్వుకున్నాం. ఇప్పుడు నువ్వే చంపేశానంటే కూడా నవ్వుకోమంటావా? వదిలెయ్.” ఇంట్లో మా వారు, “మొదలుపెట్టింది మళ్లీ” అన్నారు. నేను అన్నం కలిపి పెట్టి, “నువ్వు కాక ఇంకెవరు చేసినా ఇంతేనే” అన్నాను. ఏళ్ల తరబడి చేయని తప్పులన్నీ ఒప్పుకుంటూ వచ్చిన మనిషి, చేసిన తప్పును ఒప్పుకుంటే ఎవరికీ చెవికెక్కలేదు. అదీ ఆమె గొప్పతనంలో భాగమే అనుకున్నాం.

ఆమె పనికి వెళుతూనే ఉంది గానీ చక్రం మీద చెయ్యి వేయలేదు. వచ్చిన సీసాలను అందుకుని వరుసగా పెట్టేది. ఒక ఆదివారం మధ్యాహ్నం చీర మార్చుకుని వచ్చి, “వదినా, ఆవిడ ఇంటికి వెళుతున్నాను” అంది.

“ఎవరింటికే?”

“ఆ డ్రైవరు గారి భార్య. చెప్పేసి వస్తాను.”

“నీకేమైనా పిచ్చా? గాయం మీద గాయం చేస్తావా? నీ గుండె బరువు తీర్చుకోవడానికి ఆవిడే దొరికిందా?”

“ఆవిడ, ‘మా ఆయన ముక్క సరిపోలేదట’ అని అందరికీ చెప్పుకుంటోందట వదినా. ఆయన ఒంట్లోనే ఏదో లోటున్నట్లు.” గుమ్మం వైపు నడుస్తూ, “ఉద్యోగం పోతే పోనీ. నువ్వు రాకపోయినా వెళతాను” అంది. నేను చెప్పులు వేసుకున్నాను.

ఇరుకు మెట్ల మీద మూడో అంతస్తు. తలుపు తెరిచే ఉంది. ముందు గది నిండా ఒకే ఒక మంచం: తలవైపు ఎత్తడానికి పిడి ఉన్న ఆసుపత్రి మంచం, అద్దెకు తెచ్చినది. పరుపు మీది ప్లాస్టిక్కు కాగితం ఇంకా విప్పలేదు. ఇంటికి వచ్చే మనిషి కోసం తెచ్చారు, మనిషి రాలేదు. గోడవారగా కూర్చున్న డ్రైవరు భార్య మమ్మల్ని చూసి లేచింది.

“మంచం కోసం వచ్చారా? వాళ్లు సాయంత్రం వస్తామన్నారే?”

“కాదండీ. ఆసుపత్రి ల్యాబు నుంచి” అంది మా ఆడపడుచు.

“కూచోండమ్మా” అని అలవాటుగా మంచం వైపు చెయ్యి చూపి, వెంటనే తీసేసుకుంది. కుర్చీలు లేవు. అందరం నిలబడే ఉన్నాం.

“మీ ఆయన ముక్క సరిపోలేదని చెప్పారు కదండీ. అది నిజం కాదు. సరిపోయింది. కోసింది నేను. మొదట వచ్చింది పంపి ఉంటే జబ్బు ఏమిటో తెలిసేది. నేను పంపలేదు. పగలగొట్టేశాను. రెండోసారి సూది వెయ్యాల్సి వచ్చింది అందుకే.”

“ఎందుకు పగలగొట్టారు?”

“దాని మీద ఒక గీత పడింది.”

“గీతా?”

“సన్నని గీత.”

“గీతతో తెలిసేది కాదా?”

“తెలిసేది.”

“మరి?”

“ఇంకా బాగా చేద్దామని” అంది మా ఆడపడుచు.

“బాగా చేద్దామని” అని ఆమె ఆ మాటను నాలుక మీద వేసుకుని రుచి చూసినట్లు పలికింది. అంతవరకు ఉన్న మన్నన అక్కడితో పోయింది. “నా మొగుడు నిన్ను బాగా చెయ్యమన్నాడా? చెయ్యమన్నాడు, అంతే. ఆ గీత నీకు అడ్డమా, ఆయనకు అడ్డమా?”

“నాకేనండీ.”

“ఎవరు మెచ్చుకుంటారని?”

పెద్దాయన సంగతి, కిటికీ సంగతి నేను చెబుదామని నోరు తెరిచాను. మా ఆడపడుచు నా చెయ్యి నొక్కింది.

“ఇంకెవరికైనా తెలుసా ఇది?”

“అందరికీ చెప్పాను. మీరు ఎక్కడికి రమ్మన్నా వచ్చి ఇదే చెబుతాను.”

ఆమె మంచం చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్లింది, మాకూ తనకూ మధ్య ఏదైనా ఉండాలన్నట్లు. “మా పెద్దవాడొచ్చాక చెబుతాను. వాడేమంటాడో అది చేస్తాం. నీ పేరూ, ఇల్లూ చెప్పి పో. ఇంక నా ఎదుట నిలబడకు.”

చెప్పింది. ఇద్దరం బయటికి వచ్చాం. ఒక మలుపు దిగాక మా ఆడపడుచు మెట్టు మీద కూలబడింది. భుజం పట్టుకున్నాను. ఏడుస్తోందనుకున్నాను, ఏడవడం లేదు.

“నమ్మింది వదినా” అంది. “ఒక్కసారి చెప్పగానే నమ్మింది.”

పక్కనే కూర్చున్నాను. కింది నుంచి ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చి, “కాస్త జరగండమ్మా, మంచం దింపాలి” అన్నారు. లేచి గోడకు ఆనుకున్నాం. వాళ్లు పైకి వెళ్లి, మంచాన్ని నిలువుగా ఎత్తి, మలుపు దగ్గర ఒకరినొకరు కసురుకుంటూ, ప్లాస్టిక్కు కాగితం గరగరలాడుతుండగా మా ముందు నుంచి దింపుకుపోయారు. అది వీధిలోకి చేరేదాకా ఆమె గోడను వదలలేదు. తరువాత, నా చెయ్యి అందుకోకుండా, తానే దిగింది.